ఉప్పు కింది సరస్సు

మకాయే రేవులో ఓడ దింపిన పెట్టెలు.
మీటరు మీటరుగా కోసిన రాయి.
మూత తీసి జురేమా ముందు వాసన చూసింది,
చేపలు కొనే మనిషి మొప్ప ఎత్తి చూసినట్టు.

ఏడాదిన్నరగా ఆమెకు తెలిసినవి నీడలే.
రెండు కిలోమీటర్ల నీళ్ళు,
ఆ కింద రెండు కిలోమీటర్ల ఉప్పు.
పైనుంచి పంపిన శబ్దం
ఉప్పు తగలగానే పరుగందుకుంటుంది,
వేళకు ముందే తిరిగొచ్చి
చదును నేలను కొండ అని చెబుతుంది.

"ఉప్పును నమ్మకు" అనేవాడు నాన్న,
అరరువామ మడుల్లో పారకు ఆనుకుని.
"రాయిలా కనబడుతుంది.
వాన వాసన తగిలితే చాలు, జారుకుంటుంది."
ఆ మాట ఆమె ఏ నివేదికలోనూ రాయలేదు.
వేగాల పటం మాత్రం
మూడుసార్లు చెరిపి గీసింది.

ఇప్పుడు అరచేతిలో బరువు.
ఆఫ్రికా ఇంకా చెయ్యి వదలని రోజుల్లో
ఒక సరస్సు అంచున
కంటికానని జీవులు పొరమీద పొరగా కట్టుకున్న గోడ.
దాన్నిండా సూదిబెజ్జాలు,
బెజ్జాల్లో గోధుమరంగు తడి.

రియో నుంచి ఎవాండ్రో ఫోను:
"ఎన్ని పీపాలు?"
భూతద్దం కింద
కొన్ని బెజ్జాలు ఇరుగుపొరుగుతో మాట్లాడుతున్నాయి.
కొన్ని, ఎవరొచ్చినా తలుపు తియ్యని ఇళ్ళు.
"ఇంకా తెలీదు" అంది.
అటు నిట్టూర్పు. లెక్కల మనిషి, పాపం.

పక్క పెట్టెలో, ఇంకా లోతునుంచి,
కిక్కిరిసిన ఆల్చిప్పలు.
ఎవరూ చూడటం లేదు.
ఒక ముక్క విరిచి
కొత్త అంచును నాలుకతో తాకింది.

ఉప్పగా లేదు.