నీలి మరక

ద్రీనా నది వైపు ఒరిగిన అక్రోటు చెట్టు.
వేరు కుళ్లింది. కింద హైరియా ఇంటి కప్పు.
పడగొట్టక తప్పదు.

"కోత మిల్లువాడు ముట్టుకోడు" అన్నాను,
"యుద్ధం చూసిన చెట్టు. రంపం పళ్లు రాలతాయి."
"అందుకే నిన్ను పిలిచా నెర్మిన్" అంది,
రాగి గిన్నెలోంచి కాఫీ వంచుతూ.

మొద్దు పొడవునా డిటెక్టర్ తిప్పాను.
రెండుచోట్ల కుయ్‌మంది. ఉలితో తవ్వి తీశాను
గోరంతేసి ఇనప్పెంకులు.
మూడోది దానికి చిక్కలేదు,
రంపానికి చిక్కింది.
ఒక బ్లేడు, ఒక సాయంత్రం పోయాయి.

మొద్దు విప్పితే
గోధుమరంగు పలక మీద
సిరా ఒలికినట్టు నీలం.
దిగబడిన ఇనుము చుట్టూ ముప్పై ఏళ్లు
పొర మీద పొర కప్పుకుంటూ వచ్చింది చెట్టు,
కాయలు కాస్తూనే.

"ఆ ముక్క కోసి పారేస్తాను.
మిగతాది మంచి బల్ల అవుతుంది."

తడి పలక మీద అరచెయ్యి ఆనించి
చాలాసేపు మాట్లాడలేదావిడ.
"రెండంగుళాలు. రెండేళ్లు ఆరాలి కదూ?"
"నీడలో. మధ్యమధ్య పుల్లలు పెట్టి."
"మరకని నడిమికి రానియ్యి.
రొట్టె అక్కడే పెడతాను."

చివరలు పగలకుండా పూయడానికి
ఆమె దగ్గర మిగిలిన రంగు ఒకటే,
తలుపులకి వేసిన ఆకుపచ్చ.