ఉత్తరేణి

లుంగీ అంచుకి ఉత్తరేణి గింజలు పట్టుకుని వచ్చాడు మాలకొండయ్య,
మైపాడు పక్కన రొయ్యల గుంటల కాపలాదారు.
నెల్లూరు పెద్దాసుపత్రి, మా ల్యాబు బయట బెంచీ.
సూది గుచ్చి తీసిన ముక్క ఇంకా సీసాలోనే ఉంది.
ఎవరూ ఉండమనకపోయినా కూచుని
ఒక్కొక్క గింజనీ గోటితో పీకి
జేబులో వేసుకుంటున్నాడు.
కింద పడేస్తే మళ్ళీ ఎవరి గుడ్డకో పడతాయంట.

పద్నాలుగేళ్ళుగా అతని పని కాకుల్ని తోలడం.
గుంట మీద జానెడు జానెడుకీ దారం కట్టడం,
తెల్లారకముందే టపాకాయ పేల్చడం.
తెల్లమచ్చ తగిలిన గుంటలోంచి
ఒక్క రొయ్యని కాకి ఎత్తుకుపోయి
పక్క గుంటలో జారవిడిస్తే
ఇక ఆ పంట అంతే.
"అందుకే అడగతుండా మేడమ్.
కార్జంలో పుట్టిందంట,
ఊపిరితిత్తులకాడికి ఎట్టా పోయింది?
మధ్యన కాకి ఎవురు?"

మేడమ్‌ని కాను, టెక్నీషియన్‌ని.
మైనం దిమ్మెలు కోస్తాను, రంగు వేస్తాను,
గాజుపలక చివర పెన్సిలుతో నంబరు రాస్తాను.
పాతికేళ్ళ కిందట కామెర్లొస్తే పసరు తాగి సరిపెట్టుకున్నాడని
అతని కాగితాల్లో చదివాను, అంతే.
అయినా నోరూరుకోక చెప్పాను.

కాకి లేదు పెద్దాయనా.
కణం ఒంటిమీద పల్చటి కొవ్వు పొర ఉంటుంది.
తోక అందులో ముంచి, తల బయటపెట్టి
చక్కెర ముళ్ళు నిలబడి ఉంటాయి.
కాస్త కొవ్వు, కాస్త చక్కెర,
మన మలై కాజాలో ఉండేవే.
పక్క కణాన్ని ఆనవాలు పట్టేదీ
చెయ్యి పట్టుకుని మసిలేదీ వాటి సాయంతోనే.
జబ్బుపడ్డ కణానికి ఆ ముళ్ళ కొసలు మారతాయి.
ఒక చక్కెర రాలుతుంది, ఇంకోటి మొలుస్తుంది.
పట్టు సడలిన కణం నెత్తుట్లో పడి
పోయి పోయి
ముక్కూమొహం తెలీని గోడకి అంటుకుంటుంది.

జేబులోంచి ఒక గింజ తీసి
అరచేతిలో దొర్లించి చూశాడు.
"ఇదేనా?"
ఇట్టాంటిదే.
"మరి పీకెయ్యరాదూ."

పీకడానికి ముందు ఏది పీకాలో తెలియాలి.
కొన్ని ముళ్ళు కణాన్ని కట్టి ఉంచుతాయంటారు,
కొన్ని ఎగదోస్తాయంటారు.
తేల్చేవాళ్ళు ఎక్కడో ఎలకల మీద తేలుస్తున్నారు.
ఇది మాత్రం అతనికి చెప్పలేదు.
చాయ్ తాగావా అని అడిగాను.

సాయంత్రం ముక్క నా చేతికొచ్చింది,
తెగిన సేమియా పోగంత.
ఫార్మలిన్, స్పిరిట్టు, మళ్ళీ స్పిరిట్టు, జైలీన్, మైనం.
పదకొండేళ్ళుగా ఇదే వరస, నిద్రలో కూడా తప్పను.
జైలీన్ దాటి కొవ్వు నిలవదు.
కొవ్వున్న జాగాలన్నీ
తెల్లటి బొక్కలుగా కనపడతాయి.
అంటే, అంత వివరంగా చెప్పానే,
ఆ ముళ్ళని
ఎవరూ చూడకముందే
కడిగేసేది నేనే.
రోజూ. అందరివీ.

ఊదా రంగులో అతని కణాలు
కట్ట తెగిన గుంటలా ఒకదానిమీదొకటి పడి ఉన్నాయి.
రిపోర్టులో నాలుగు వరుసలు పట్టాయి.

నాలుగోనాడు తమ్ముడి కొడుకొచ్చి సంతకం పెట్టి తీసుకున్నాడు.
పెద్దాయన రాలేదేం అన్నాను.
"పున్నమి దాటితే పట్టుబడి మేడమ్.
అందాకా గుంట ఇడిసి రాడంట.
నిన్న గాలికి దారాలు తెగితే
కడతా ఉండాడు."