నాలుగు పలకలు

సైదాపురం దాటాక, మూతబడ్డ మైకా గని దిబ్బ మీద
నడుస్తుంటే చెప్పుల కింద ఎండ చిట్లుతోంది.
గుంటలో నిరుటి వాన ఇంకా నిలబడే ఉంది.
నా దగ్గర సుత్తి, భూతద్దం, గైగర్ పెట్టె,
నోటుపుస్తకంలో ఒక ప్రశ్నార్థకం.

చెంగమ్మ కొంగుముడి విప్పింది.
గూడూరు సంతలో దొరనిమ్మకాయకుండే రంగు,
పసుపు పచ్చగా మారాలా వద్దా అని ఆగినచోట.
"ఇది మైకా కాదు సామీ."
నేనింకా అద్దం తుడవనే లేదు.

"మైకా ఆరు పలకలుగా పుడతది. దీన్ని లెక్కబెట్టు, నాలుగు.
మైకాని వంచి వదిలితే లేచి కూచుంటది.
ఇది అట్టా కాదు. అప్పడం."
నలభై ఏళ్లు రేకులు చీల్చిన బొటనవేలు
తీర్పు చెప్పి ఊరుకుంది.

నేను చదువుకున్న వరసలోనే మొదలుపెట్టాను.
గోరుతో గీశాను, గీత పడింది.
పింగాణీ ముక్క మీద రుద్దితే లేతపసుపు గీటు.
రేకు ముఖాన ముత్యపు మెరుపు.
పలుగురాయి పగుల్లో చేప పొలుసుల్లా అతుక్కుని ఉంది.
పెట్టె దగ్గరికి తేగానే
చిట చిట, తాలింపులో ఆవాలు.
చెంగమ్మ పైట సర్దుకుంది, లోపలికెవరో వచ్చినట్టు.

దీనికి రాగి కలిసిన చెల్లెలొకటుంది,
ఆకుపచ్చగా, మరీ ఆకుపచ్చగా.
దీపం పెడితే అది పలకదు.
ఇదేమంటుందో చూద్దామని
ఇద్దరి తలల మీదా నల్లగుడ్డ కప్పి
అతినీలలోహిత దీపం నొక్కాను.

పలికింది.
వరిమడి కాదు, చిలక కాదు,
ఆ పచ్చకి ఈ ఊళ్లో సాటి చెప్పలేను.

"కాల్షియం, యురేనియం, ఫాస్ఫేటు, నీళ్లు," అన్నాను.
"నీళ్లా?"
మిగతా మూడూ వదిలేసి దాన్నొక్కదాన్నే పట్టుకుంది.
అవును, రేకుకీ రేకుకీ నడుమ నీళ్లుంటాయి.
ఎండిపోతే వెలిసిపోయి, పొడిపొడిగా రాలుతుంది.
అప్పుడు దాని పేరు కూడా మారుస్తాం.
"దప్పికయితే పేరు మారస్తారా," అంది,
నవ్విందో లేదో చీకట్లో తెలీలేదు.

గుడ్డ తీయబోతుంటే దీపం పక్కకి తిరిగింది.
ఆమె బొటనవేలి గోటి కింద
సన్నటి పచ్చగీత వెలుగుతోంది.
కొంగుముడి నిండా చుక్కలు.

"ఇంకెక్కడైనా ఉందా?"
"గూట్లో డబ్బాడు ఉండాది.
మనవరాలు బొమ్మలకి బొట్టు పెడతది."

ప్రశ్నార్థకం కొట్టేసి
ఆట్యునైట్ అని రాశాను.
పేరు తెలిసినందుకు ఏ సంతోషమూ కలగలేదు.
జీపు వెనక క్యాను వంచి, సబ్బిచ్చి చేతులు కడిగించాను.
దీపం పెట్టి చూశాను. మళ్లీ కడిగించాను.
"మైకానే ఇన్నేళ్లు కడిగినా పోలా," అంటూ రుద్దుకుంది.

ఇంటికి పోయేదాకా
ముందు సీట్లో చేతులు గాల్లో పట్టుకుని కూచుంది,
గోరింట ఆరని పెళ్లికూతురిలా,
తలుపుని గానీ, తనని గానీ
తాకకుండా.