ఇరుసుకు చుట్టుకున్నది

గ్యూమ్రీలో ఏప్రిల్ కూడా చలికాలమే.
అయినా హమజాస్ప్ బల్లను వాకిట్లోకి లాగిస్తాడు.
"ఒకరి దుమ్ము ఇంకొకరి ఊపిరిలోకి ఎందుకు?" అంటాడు
మూతికి గుడ్డ కట్టుకుంటూ.

ఇవాళ వచ్చింది
పుట్టుకలు నమోదు చేసే ఆఫీసు కంప్యూటరు.
పద్దెనిమిదేళ్లది. ఆన్ చేస్తే ఒకటే రొద.
పావుగంటకల్లా తనంతట తానే ఆరిపోతుందట.

తీగ నాచేత పీకించాడు.
పీకాక కూడా ఒకసారి మీట నొక్కించాడు:
"లోపల కాస్త కరెంటు ఇంకా కూచునుంటుంది,
సాగనంపాలి."
ఉన్ని స్వెట్టర్ విప్పించాడు.
వట్టి చేత్తో పెట్టె ఇనుమును తాకించాడు.
మరల సంగతి ఆ తర్వాతే.

మూత తీస్తే
ఎవరో బూడిదరంగు ఉన్ని పరిచి మరిచిపోయినట్టుంది.
నేను ఊదబోయాను.
నా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టాడు.
"తడి పడుతుంది, పిల్లా."

గాలి డబ్బా నిటారుగా పట్టుకోవాలి.
ఒక్కో తుంపు, ఒక్కో తుంపుగా కొట్టాలి.
ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి మరీ కొట్టాలి,
వదిలితే గిర్రున తిరిగి
తనే కరెంటు పుట్టించి బోర్డు మీదికి తోస్తుందట.
కరెంటు అందించే ఆ మూల డబ్బా మాత్రం
"తెరవకు. నేనూ తెరవను."

నూలుమిల్లు మూతపడేదాకా
మగ్గాల సందుల్లో పత్తి నుసి తీసిన చేతులవి.
ఎడమచేతి నడిమి వేలికి గోరు లేదు.
ఎలా పోయిందో నేనెప్పుడూ అడగలేదు,
ఆ వేలితోనే రెక్కను పట్టుకుంటాడు.

ఇరుసు దగ్గర బ్రష్షు ఆగింది.
వెంట్రుకలు.
పటకారుతో కొస పట్టి మెల్లగా విప్పాడు.
ముందు తెల్లవి.
తర్వాత కొంతకాలం, రంగేసిన ఎరుపు.
అన్నిటికంటే అడుగున, ఇరుసును కరుచుకుని
మూరెడు నలుపు, ఇంకా నిగనిగలాడుతూ.
కాగితం మీద పక్కపక్కన పరిచి
టీ తాగడానికి వెళ్లాడు.

నాలుగింటికి అరెవ్‌హత్ వచ్చింది,
టోపీ కింద పొట్టి తెల్ల జుట్టు.
కాగితం వంక చూసి
"ఇంత ఉండేదా నాకు!" అని నవ్వింది.
నల్లదాన్ని వేళ్ల మధ్య ఒకసారి నలిపి
"పారెయ్యండి" అంది. డబ్బులెక్కువన్నారని సణిగింది.

చిప్పు మీద ఎండిన జిగురు తుడిచి
పప్పుబద్దంత కొత్తది పెట్టి, మూసి, ఆన్ చేశాం.
చప్పుడు లేదు.
ఆమె చెవి ఆనించింది.
"చెడగొట్టేశారా?"

రాత్రి స్వెట్టర్ తీస్తుంటే
మోచేతి దగ్గర ఒక నల్లటి పొడుగు వెంట్రుక.
నా జుట్టు చెవులు దాటదు.