నూట పద్దెనిమిదో గుంట

రాత్రి రెండింటికి కడియం లారీ దిగింది.
నల్ల కవర్లలో ఆరొందల కోనోకార్పస్ మొక్కలు,
ఒకదాని తల ఇంకోదాని తలకంటే
వేలెడు కూడా ఎత్తు లేదు.
నా సబ్జెక్టులో దీన్ని విచలనం సున్నా అంటారు.
టార్చిలైటు పట్టుకుని లెక్క సరిచూసి
సంతకం పెట్టాను.

పోయినేడు నాటినవి ఎన్ని బతికాయంటే
ఫైల్లో నూటికి నూరు.
మైదానం గట్టున మాత్రం
పదకొండు వెదురు కర్రలు,
కర్రకర్రకీ రేకుముక్క మీద దత్తత తీసుకున్న పిల్లల పేర్లు.
ఆ పేర్లలో ముగ్గురికి ఉద్యోగాలొచ్చాయి.
మొక్కల సంగతి ఎవరూ అడగలేదు,
నేనూ చెప్పలేదు.

మనుబోలు దాటాక ఎర్ర గరప నేల మాది.
కార్తీకం వానలకి పైపైన మెత్తబడుద్ది గానీ
జానెడు దిగితే గునపం ఖంగుమంటది.
ఈసారి హాస్టల్ వెనక కంపంతా చదును చేసి
గ్రీన్ బెల్టు పెంచాలని సర్క్యులర్.
విద్యార్థికో గుంట, గుంటకో నంబరు, నంబరుకో ఫోటో.

మధ్యాహ్నానికి నూట పదిహేడు అయ్యాయి.
నూట పద్దెనిమిది ఎంకాం పిల్ల వెంగమాంబది.
సున్నం గీసిన వలయం మధ్యలో
నడుమెత్తు ముళ్లపొద.
గునపం ఎత్తింది.

"ముట్టుకోబాకమ్మా!"
నీళ్ల ట్యాంకరు దగ్గర్నుంచి పోలమ్మ కేక.
రోజుకూలికి పైపు పట్టుకునే మనిషి.
నాలుగేళ్లుగా కనపడుతున్నా
ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.
"అది బలుసు గదా! పీకి ఏం నాటతావు ఆడ?"

బలుసు.
బతికుంటే బలుసాకు తినొచ్చు.
ఆరో తరగతిలో సొంతవాక్యం రాసి
రెండు మార్కులు తెచ్చుకున్నా దాని మీద.
మొదటి ఉద్యోగం ఊడినప్పుడు మా బావ
భుజం తట్టి అన్నమాట కూడా అదే.
ఇన్నేళ్లూ సామెత నోట్లో ఉంది,
ఆకు ఎప్పుడూ లేదు.

వెంగమాంబ ఒకటి తుంచి నమిలింది.
"వగరు సార్" అంది.
ఉమ్మలేదు.

ఇంక ఎవరూ తవ్వలేదు.
"ఇదేంది పోలమ్మా?"
"కలివి. ఎండల్లో రా, నల్లగా పండుతది."
"ఇదో?"
"పాల. పండు తింటే పెదాలు అంటకపోతాయి,
ఫోన్లు గూడా మాట్లాడలేరు మీరు."
"మరి ఇది?"
"దానికి పేరు లేదబ్బయ్యా.
మేకలు తినవు, మేమూ తినం.
ఉండాది, అంతే."
ఖాదర్ మస్తాన్ పెన్నుతో అరచేతిలో,
అది నిండాక మోచేతి దాకా రాసుకుంటూ పోయాడు.

నాలుగింటికి జేసీబీ వచ్చేసరికి
వాడి చేతిమీద నలభై ఒక్క రకాలు.
మేం నాటబోయింది ఒకటి.

ఎవరూ అడ్డంగా పడుకోలేదు, నినాదాలివ్వలేదు.
డ్రైవరుకి టీ ఇప్పించి పైవాళ్లకి ఫోన్ చేశాను:
"నేల నానిపోయింది సార్, బండి దిగబడుద్ది."
వారం రోజులుగా చినుకు లేదు.
గరపలో బండి దిగబడదు.
పిల్లలు నా వంక చూశారు,
క్లాసులో చూసినట్టు కాకుండా.

ఆ రాత్రి ఫారం నింపుతున్నాను.
గుంట: నూట పద్దెనిమిది.
మొక్క: బలుసు.
నాటినవారు అన్నచోట కాసేపు ఆగి
పికిలిపిట్ట అని రాశాను.
తేదీ గడి ఖాళీ.
సంరక్షకులు: పోలమ్మ.
ఇంటిపేరు కోసం మస్టరు వెతకాల్సి వచ్చింది.
తుపాకుల పోలమ్మ.

షెడ్డు వెనక ఇంకా నాలుగొందల ఎనభై మూడు కవర్లు
నా సంతకం కింద నిలబడి ఉన్నాయి.
వాటి తప్పేం లేదు.
రేప్పొద్దున వాటికి నీళ్లు ఎవరు పడతారో,
అసలు పట్టాలో వద్దో,
అది రాసే గడి ఫారంలో లేదు.