పోయొస్త

పెద్దాసుపత్రి ఓపీ కిటికీ కాడ
చీటీ మీద ఇంకా పాత పేరే.
ఆ పేరు పిలిస్తే లేచేది నేను.
నా గడ్డం చూసి కిటికీల మనిషి
"పేషెంటును తోలుకరా పో" అంటడు.
తోలుకొనే వచ్చిన సారూ,
రెండేండ్ల సంది నేనొక్కన్నే మోసుకొని తిరుగుతున్న.

కొత్తవాడల మాది జంపఖానల మగ్గం.
పోగు తెగితే మా నాయిన చెవులతోని పట్టుకుంటడు,
చప్పుడు మారుతదట.
నా గొంతు మారిన యేడు
ఆయినకు ఎరుకైంది గూడ గట్లనే.
ఏమనలే.
మగ్గం ఆపి, చెంబెడు నీళ్లు తాగి,
మల్ల నేసుకున్నడు.

మొదటి చీటీ హైదరాబాదుల రాయించిన.
కాజీపేటల రైలెక్కి, నిలవడే పోయి.
ఏడు నిమిషాలు, తొమ్మిది వందలు.
"మల్లెప్పుడు రావాలె సార్" అనే లోపట్నే
గంట కొట్టిండు, వెనకాయన లోపలికొచ్చిండు.
ఇగ అప్పటిసంది
చౌరస్తాల రాజేశం షాపుల మందు,
రంగశాయిపేట ఆరెంపీ చేతుల సూది,
మూడు వారాలకొకటి.
ఆరెంపీ మంచోడే, నొప్పి తెల్వనియ్యడు.
సీసా మీద ఏమున్నదో గూడ చదవడు.
"బలం సూదా? మంచిది, మంచిది."

జమ్మికుంట చందన కాలు వాచి నెల పండుకున్నది.
ఏ గోలీ మింగుతున్నవని
ఎవ్వలడగలే, ఆమె చెప్పలే.

చలికాలంల నా మొకం ఎర్రబడ్డది.
"మస్తు కళొచ్చింది రా సారంగం" అన్నరు.
సంబురపడ్డ.
కణతలల్ల నాడె ఉరికినట్టు నెత్తురు కొట్టుకోంగ,
చెవుల్ల గుయ్యిమనంగ గూడ సంబురపడ్డ.
మొగోని తలకాయ గింత బరువే ఉంటదేమో అనుకున్న.

ల్యాబుల పిల్ల నరం దొరికిచ్చుకొని
"నెత్తురేంది అన్నా, పాకం లెక్కున్నది" అన్నది.
అన్నా అన్నది.
ఆ పూట నాకు అదొక్కటే వినవడ్డది.

హిమోగ్లోబిన్ పద్దెనిమిదిన్నర, పక్కన నల్ల చుక్క.
ఆడోళ్ల గీత ఒక కాడ ఉంటదట,
మొగోళ్ల గీత ఇంకో కాడ.
ఒకాయన రిపోర్టు టేబుల్ మీదికి నూకి
"నువ్వేందో తేల్చుకొని రా,
అప్పుడు చెప్త ఎక్కువో తక్కువో" అన్నడు.

వరండాల ఆ కాయితం చేతుల్నించి తీసుకున్నది
డాక్టర్ వట్టం సుగుణ, తాడ్వాయి పిల్ల,
రాత్రి డ్యూటీ కండ్లు, చెప్పులకు ఎర్రమట్టి.
"ఏ గీతతోని కొలిచినా ఇది ఎక్కువే" అన్నది.
"గడ్డకడితే కష్టం.
నాకు దీని గురించి చదువుల చెప్పలే.
ఈ రాత్రి చదువుకొని వస్త. రేపు నువ్వు గూడ రా."

రేపు అన్నది. రా అన్నది.

మా ఇంట్ల గడప దాటేటోడు పోత అనొద్దు,
పోయొస్త అనాలె.
తప్పి అంటే మా నాయినమ్మ
వాపస్ పిలిచి కూసుండబెట్టేది.
నేను ఎన్ని దవాఖాన్ల గడపలు
పోత అనుకుంటనే దిగిన్నో!

పొద్దుగాల నిజంగనే వచ్చింది.
ఎవరో పెద్ద మేడంకు ఫోన్ చేసింది,
సూది మందు తగ్గించింది, బీడీ మాన్పించింది,
లివరుకు, కొవ్వుకు గూడ పరీక్షలు రాసింది.
చీటీ వెనకంగ ఒక తారీకు వేసి
దాని చుట్టు సున్న చుట్టింది.

మార్చితోని ఆమె డ్యూటీ ఐపోతదట.
తర్వాత ఎవ్వలు చూస్తరో ఆమెకూ తెల్వదు.
అందుకే నోటుబుక్కు పెట్టిన.
తారీకు, సూది, అంకె.
నిన్న రాత్రి నాయిన పక్కన కూసున్నడు.
చదువు రాదు గని అంకెలొస్తయి,
పోగులు లెక్కవెట్టిన కండ్లు.
వేలు పెట్టి, ఒక గడి మీది నుంచి ఇంకో గడికి జరిపి
"దిగింది గదా" అన్నడు.
"దిగింది" అన్న.

ఇయ్యాల సున్న చుట్టిన తారీకు.
వాకిట్ల చెప్పులేసుకుంట
"పోయొస్త నాయినా" అన్న, ఈ గొంతుతోనే.
మగ్గం ఆగింది.
"బాటిల్ల నీళ్లు పోసుకున్నవా" అన్నడు.