అద్దె టైర్లు

ఆటోనగర్‌ నాలుగో రోడ్డులో
రేకుల షెడ్డు నాది.
బోర్డు మీద పంక్చర్లు అని ఉంటుంది.
అసలు బేరం వేరే.
లోపల గోడకి ఆనించి
నాలుగు సెట్ల టైర్లు,
గాడి లోతు తగ్గనివి,
పూటకి ఆరొందలు.

ఎఫ్‌.సి. రోజు పొద్దున్నే వస్తారు.
గుండు కొట్టించుకున్న టైర్లు విప్పి నా దగ్గర పడేసి
నావి బిగించుకుని వెళ్తారు.
బ్రేకు ఇన్‌స్పెక్టరు వంగుతాడు,
బొటనవేలు గాడిలో పెట్టి చూస్తాడు,
లైటు వెయ్యమంటాడు, హారను కొట్టమంటాడు.
మధ్యాహ్నానికి బండి తిరిగొస్తుంది,
కాగితంతో.
నా టైర్లు నాకు, వాళ్ల గుండ్లు వాళ్లకి.

ఎన్ని పరీక్షలు పాసయ్యాయో అవి!
మా వీధిలో అంత చదువుకున్నవాళ్లు లేరు.
పాపం, వాటికి ఊరు తెలీదు.
షెడ్డు నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి షెడ్డుకి.
వానలో రోడ్డుని ఎలా పట్టుకుంటావని
వాటినెవరూ అడగలేదు.

నేనూ అడగలేదు.
నోటుబుక్కులో బండి నంబరు, తేదీ, సొమ్ము.
ఎగ్గొడతారని రాసుకోవడమే,
ఇంకే లెక్కా లేదు.

పోయిన వానాకాలం రాహేలు అంది:
"పటమటలో ఇడ్లీ బండి తోసి తోసి
మోకాళ్లు పోతున్నాయి. ఓ పాత ఓమ్నీ చూడు."
గుంటూరు నుంచి మస్తాన్‌వలి తెచ్చాడు.
పదిహేడేళ్ల బండి,
తెలుపు మీద తెలుపు పూసిన తెలుపు.
"అన్నా, నీకు తెలీనిదేముంది,
ఎఫ్‌.సి. తాజాది, ఇంకా ఐదేళ్లు."
నిజమే, నాకు తెలీనిదేముంది!
గుండ్రటి సీలు
వాయి దించిన ఇడ్లీలా మెరిసింది.
టైర్లు గుండ్లే. నవ్వుకున్నాను,
అదెంత, మారుద్దాంలే అని.

వారం తిరక్కముందే
తాడేపల్లిలో ఓ పెళ్లి ఆర్డరు.
వారధి దిగుతుంటే బ్రేకు తొక్కాను,
కాలు నేలదాకా పోయింది.
ముందు లారీ, లారీ నిండా మిరపబస్తాలు,
వెనక చెక్క మీద "మళ్లీ కలుద్దాం".
గేరు మీద గేరు దించి, హ్యాండ్‌బ్రేకు లాగి,
పిట్టగోడకి జేబురుమాలంత దూరంలో ఆపాను.
గిన్నెలన్నీ ముందుకొచ్చాయి.
సాంబారు నా మెడ మీద.
రాహేలు ఏమీ అనలేదు.
చట్నీ గిన్నె ఒళ్లో పట్టుకుని
నా వంకే చూసింది.

రాత్రి నోటుబుక్కు తీశాను.
ఎందుకు తీశానో తెలుసు, తెలీనట్టు తీశాను.
జూన్‌ తొమ్మిది. అదే నంబరు.
"ఓమ్నీ, తెల్లది, ఒక సెట్టు. ఆరొందలు ముట్టినవి."
నా చేతిరాతే.
పక్కన టీ మరకా నాదే.

టైర్లు నావి, సరే.
ఆ పూటకి ఆ బ్రేకులెవరివి?
పొగకి మందేసిందెవరు?
ఏ షెడ్డులో, ఏ నోటుబుక్కులో ఉందో ఆ మిగతా బండి!
తాజా కాగితం కింద గుండు టైర్లేంటని
బెజవాడ మొత్తంలో
నేను కదా అడగాల్సింది.

మర్నాడు మాస్టరు సిలిండరు మార్పించాను.
కిందపడుకుని చూసిన మెకానిక్కు కుర్రాడు
పైపు మీద తుప్పు గోటితో గీకి
నా అరచేతిలో పోశాడు. అదీ సర్టిఫికెట్టు.
ఎక్కువసార్లు పాసైన సెట్టు ఓమ్నీకి బిగించి,
ఆ సాయంత్రం చినుకుల్లో
బ్యారేజీ మీద ఇరవై స్పీడులో పోనిచ్చాను.
వెనకంతా హారన్లు, తిట్లు.
నా చెవి మాత్రం చక్రాల దగ్గరే.
ఆ టైర్లు మొదటిసారి కృష్ణని చూశాయి.

పొద్దున్న షట్టరు సగం లేపానో లేదో
ఎవరో ఇండికా అతను.
"అన్నా, ఇవాళ ఎఫ్‌.సి., టైర్లున్నాయా?"
వెనక సీట్లో స్కూలు బ్యాగులు,
నాలుగో ఐదో.
"మూడు సెట్లున్నాయి" అన్నాను.
తర్వాతేమన్నానో
నోటుబుక్కులో ఇంకా రాయలేదు.